బాపు పళ్లెం, అక్క పళ్లెం: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

బాపుకు 83 ఏళ్లు. పార్కిన్‌సన్స్ వచ్చి ఆరేళ్లు దాటింది. అక్కకు 59. సుగరు, బీపీ, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. వనస్థలిపురంలో బాపు కట్టిన ఇంట్లోనే అక్క, బావ ఉంటారు. బావది షిఫ్టు డ్యూటీ, చేతనైనంత సాయం చేస్తాడు. నేను బెంగళూరు నుంచి వచ్చాను, ఈ వానాకాలమంతా ఇక్కడి నుంచే ఆఫీసు పని. నాకు వంట అంతంత మాత్రం. లెక్కలు రాసుకోవడం మాత్రం అలవాటు కాబట్టి, ఇంట్లో భోజనాల సంగతి ఒక ప్రాజెక్టులా పట్టుకుందామని కూర్చున్నాను.

లక్ష్యాలు మూడు రాశాను. అక్క వంటగదిలో నిలబడే సమయం సగానికి తగ్గాలి. బాపు బరువు తగ్గకూడదు. అక్క కూడా కూర్చుని, వేడిగా, తనకు పనికొచ్చే తిండి తినాలి. మూడోది చూసి అక్క "నా సంగతి ఇప్పుడెందుకు తమ్మీ" అంది. నేను కొట్టేయలేదు. బాపుకు తినిపించేసరికి రెండవుతుంది, ఆ తర్వాత గట్టు దగ్గర నిలబడి గిన్నెల్లో మిగిలిన అన్నం, అడుగంటిన కూర కలుపుకుని తినేస్తుంది. సుగరు ఎందుకు తగ్గట్లేదని డాక్టరు అడిగితే మాత్రం "టెన్షన్ సార్" అంటుంది.

వంట మనిషిని పెట్టుకోమని అందరూ చెప్తారు. పెట్టారు. ఒకామె పొద్దున ఎనిమిదికి రావాల్సింది తొమ్మిదిన్నరకు వచ్చేది, ఇంకొకామె పెళ్లిళ్ల సీజన్‌లో మానేసింది. ఆ దారి ప్రస్తుతానికి వదిలేశాం.

వంటగదిలో ఒక మూల స్టూలు వేసుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అక్క ఏ పనికి ఎంతసేపు నిలబడుతుందో రాసుకున్నాను. పొయ్యి మీద గడిచేది తక్కువే. కూరగాయలు కడిగి తరగడం, బాపుకు ఒకటి మాకు ఒకటి అని రెండు రకాలు చేయడం, వండిన దాన్ని మళ్లీ మెత్తగా మెదపడం, చివర్లో గిన్నెలు, వీటికే పొద్దంతా పోతుంది. వీటన్నిటికంటే ముందు "రేపేం వండాలి" అనేది ఒకటుంది, అది రాత్రి పడుకునేటప్పుడే మొదలవుతుంది. అన్నం మాత్రం అసలు పనే కాదు. చిన్న కుక్కర్లో బియ్యం కడిగి పడేస్తే అదే అవుతుంది. కాబట్టి బయట నుంచి తెచ్చుకోవాల్సింది భోజనం కాదు, కూర. ఇది తేలాక చాలా ఆప్షన్లు వాటంతట అవే పోయాయి. అన్నం, పప్పు, కూర, సాంబారు, అప్పడం, స్వీటు అన్నీ కలిపి అమ్మే ఫుల్ మీల్స్‌లో మాకు పనికొచ్చేది ఒక్క డబ్బానే, డబ్బు మాత్రం మొత్తానికీ కట్టాలి.

జూన్, రెండో వారం

ఈ ప్రాజెక్టుకు అసలు యజమాని గడియారం.

పార్కిన్‌సన్స్‌కు బాపు వేసుకునేది లెవోడోపా మాత్ర. అది పేగుల్లో ప్రొటీన్‌తో పోటీ పడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు తిన్న వెంటనే వేస్తే సరిగా పట్టదు. అందుకే భోజనానికి అరగంట ముందు వేయమన్నారు. వేసిన అరగంట, ముప్పావుగంటకు చేతులు తేలికవుతాయి, నమలడం, మింగడం కూడా బాగుంటుంది. తినాల్సింది ఆ సమయంలోనే. అది దాటిపోతే చెయ్యి మళ్లీ బిగుసుకుంటుంది, ముద్ద నోటిదాకా రావడానికే అవస్థ, భోజనం గంటకు పైగా సాగుతుంది, సగం పళ్లెం చల్లారిపోతుంది. ఇలా పళ్లెం సగంలో ఆగిపోయిన రోజులే ఎక్కువై బాపు బరువు తగ్గుతూ వచ్చింది.

అంటే పన్నెండుకు మాత్ర, పన్నెండున్నరకు పళ్లెం. తిండి ఎంత రుచిగా ఉన్నా ఒంటి గంటన్నరకు వస్తే మాకు పనికిరాదు.

డెలివరీ యాప్‌లో ఇది పరీక్షించి చూశాను. పదకొండున్నరకే ఆర్డరు పెట్టి, మ్యాపులో బండి బొమ్మ కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు పన్నెండుకే వచ్చేసింది. ఇంకోరోజు వాన, ఆ బొమ్మ ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగిపోయింది. బాపు మాత్ర వేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "బండి సిగ్నల్ దగ్గర ఆగిందా?" అని అడిగాడు. కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు, ఆలస్యమైన బండి ఆయనకు కొత్త కాదు. చివరికి అక్క లేచి ఉప్మా చేసింది. యాప్ మాకు వద్దు. అక్క టెన్షన్ తగ్గించడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు, ఇంట్లో ఇంకో టెన్షన్ పెంచకూడదు కదా.

ఒక విషయం ఇక్కడ రాయాలి. బయట తిండికి బాపుకేమీ అభ్యంతరం లేదు. ఉద్యోగం అంతా క్యారియర్‌తో, రైలు సిబ్బంది దిగి పడుకునే రన్నింగ్ రూముల్లోనే గడిచింది. బల్లార్షా రన్నింగ్ రూములో వంటాయనకు బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ మూట ఇచ్చి పడుకుంటే, లేచేసరికి వండి పెట్టేవాడట. "ఎవరు వండితే ఏందిరా, వేడిగుంటే చాలు" అంటాడు. అడ్డం అంతా అక్క దగ్గరే. "కన్నతండ్రికి కర్రీ పాయింట్ కూర పెడుతుందని అనరా?"

ఎవరంటారని అడిగాను. చెప్పలేదు.

జూన్, చివరి వారం

మింగడం సంగతి చూడటానికి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లొచ్చాం. మింగడం కూడా వాళ్ల పనే అని నాకు అప్పటిదాకా తెలీదు. ఆమె బాపుకు నీళ్లు, బిస్కెట్, అరటిపండు ఇచ్చి, గొంతు మీద వేళ్లు పెట్టి చూశారు. తిండి ఎంత మెత్తగా, నీళ్లు ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ స్థాయిలు ఉన్నాయి, దాన్ని ఐడీడీఎస్ఐ అంటారు. బాపుకు రాసింది 6: మెత్తగా, చిన్న ముక్కలుగా. ముక్క ఒకటిన్నర సెంటీమీటరు మించకూడదు.

ఇంట్లో చేసుకునే పరీక్ష కూడా నేర్పారు. ముక్క మీద ఫోర్కు పెట్టి బొటనవేలితో నొక్కాలి, గోరు తెల్లబడేంత గట్టిగా. ముక్క చితికి, ఫోర్కు తీశాక మళ్లీ లేవకుండా అలాగే ఉండిపోతే పాసు. ఆ సాయంత్రమే అక్క, నేను ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వరసపెట్టి నొక్కాం. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడికాయ పాసు. వంకాయ గుజ్జు పాసు, తొక్క ఫెయిలు. దొండకాయ వేపుడు రబ్బరులా మళ్లీ లేచింది. గోకరకాయలో పీచు ఫోర్కుకు చుట్టుకుంది. చిక్కుడుకాయ మధ్యస్థం, గింజ పాసు, తోలు ఫెయిలు. ఆలుగడ్డ కూర పాసే కానీ మరీ పొడిగా ఉంటే నోట్లో అంటుకుపోతుంది, కొంచెం నెయ్యో పులుసో కావాలి. అక్కకు ఈ ఆట బాగా నచ్చింది. ఆ తర్వాత బయట నుంచి ఏ కూర వచ్చినా ముందు ఫోర్కు తీస్తోంది.

అన్నిటికంటే ఆశ్చర్యమేసింది చారన్నం సంగతి. ముసలివాళ్లకు తేలికని మనం పెట్టేదే అది. కానీ పలచని చారు, విడివిడి మెతుకులు ఒకేసారి నోట్లోకి వెళ్తే, చారు ముందు గొంతులోకి జారిపోతుంది, మెతుకులు ఇంకా నోట్లోనే ఉంటాయి. బాపుకు పొలమారేది ఎక్కువగా అక్కడే. చారు పోసి బాగా పిసికి, కాసేపు ఉంచి, మెతుకు చారును పీల్చుకున్నాక పెట్టమన్నారు. పచ్చిపులుసుదీ అదే కథ. పెరుగన్నం మాత్రం మెత్తగా కలిపితే ముద్దగా ఉంటుంది, జారదు, చేత్తో పట్టుకోవడానికీ వీలు. బాపుకు చెంచా ఇష్టం లేదు, చేత్తోనే తింటానంటాడు. కాబట్టి మా తిండికి ఇంకో షరతు: వేళ్ల మధ్య ముద్దగా నిలవాలి. బియ్యం కొత్తవి వాడుతున్నాం, నీళ్లు ఒకటికి మూడున్నర.

జూలై, రెండో వారం

కర్రీ పాయింట్ల వారం. ఇంటి చుట్టుపక్కల నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే మూడున్నాయి. హైదరాబాదులో హాస్టళ్లు, బ్యాచిలర్లు ఉన్న ప్రతి వీధిలో ఉండేవే. ఇక్కడ మాత్రం లైన్లో నిలబడేవాళ్లలో సగం మంది రిటైరైనవాళ్లు. బావ వయసు పెద్దమనిషి ఒకాయన రోజూ గుడ్డ సంచిలో స్టీలు డబ్బా తెస్తాడు. నేనూ అదే మొదలుపెట్టాను. మరిగే సాంబారు పలచటి కవర్లో పోసి, దారం కట్టి ఇస్తుంటే చూడబుద్ధి కాదు.

మంచి సంగతులు ముందు. పదకొండున్నరకే కూరలు వేడివేడిగా దిగుతాయి, మన గడియారానికి సరిపోతుంది. ఒక ప్యాకెట్ నలభై రూపాయల లోపు, ఇద్దరికి ఒక పూట వస్తుంది. రోజూ నాలుగైదు రకాలు ఉంటాయి కాబట్టి ఏం వండాలనే గొడవే లేదు.

ఇక మిగతాది. నూనె పైన తేలుతుంది, ఒక గంటె పక్కకు తీసేస్తే కొంత నయం. కారం బాపు నోటికి ఎక్కువ, పెరుగు కలిపితే తింటాడు. ఉప్పు మాత్రం కలిపేసింది తీయలేం.

ఇక్కడ బాపుకు, అక్కకు లెక్క వేరు, అది తెలుసుకోవడం ముఖ్యం. అక్కకు బీపీ. రోజుకు మొత్తం కలిపి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాల్లోనూ ఉంది, డబ్ల్యూహెచ్ఓ కూడా అదే చెప్తుంది. అంటే సుమారు ఒక టీ స్పూను, పచ్చడి, అప్పడం, మజ్జిగలో వేసుకున్నది అన్నీ కలిపి. బాపుకు బీపీ లేచి నిలబడగానే పడిపోతుంది, పార్కిన్‌సన్స్‌లో చాలామందికి ఇలా ఉంటుంది. ఆయనకు ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పలేదు. కడుపు నిండా ఒకేసారి తింటే కూడా బీపీ పడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. ముసలాయన కదా అని ఆయనకు ఉప్పు లేని తిండి, "నాకేం కాదులే" అని అక్క ఉప్పు కూర తినడం ఇన్నాళ్లూ జరిగింది. ఇప్పుడు తిరగేశాం. కర్రీ పాయింట్ కూర ఉన్న పూట అక్క పళ్లెంలో పప్పు ఉప్పు లేకుండా ఉడికించింది, పెరుగు ఉత్తది. రెండూ కలిపి తింటే నోటికి సరిపోయింది. పచ్చడి జాడీ బల్ల మీద నుంచి అటక మీదికి పోయింది. దాని మీద బావకు ఇంకా కోపమే.

రాత్రికి వాడుకునే కూరను మధ్యాహ్నం తిన్నాక మిగిలింది కదా అని ఫ్రిజ్‌లో పెట్టడం కాదు, తేగానే రెండు డబ్బాలుగా పంచి, ఒకటి వెంటనే లోపల పెడుతున్నాం. వండిన కూర గది వేడిలో రెండు గంటలకు మించి ఉంటే సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది, అందులోనూ అది ఎప్పుడు వండారో మనకు తెలియదు. రాత్రి పొగలు కక్కేదాకా కాచి, చల్లార్చి పెట్టాలి. అన్నం మాత్రం ఏ పూటకాపూట. మిగిలిన అన్నం బయట ఉండిపోతే అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషం తిరిగి వేడి చేసినా పోదు.

జూలై, చివరి వారం

ప్యాకెట్లు. సూపర్ మార్కెట్లో దొరికే రెడీ టు ఈట్ పప్పు, సాంబారు అన్నం, పొంగల్ కొన్ని తెచ్చి చూశాం. ఈ సంచులు నిల్వ మందులు పోసి కాపాడేవి అనుకుంటారు చాలామంది. అవి గాలి చొరకుండా మూసి, 121 డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడిలో ఉడికించినవి, అందుకే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఉంటాయి. మన దేశంలో ఈ పద్ధతిని సైన్యం కోసం మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల పెంచి పోషించింది. మెత్తదనంలో ఇవి నూటికి నూరు, ఫోర్కు పరీక్ష పెట్టాల్సిన పనే లేదు.

ఉప్పు దగ్గరే ఆగాల్సి వచ్చింది. ప్యాకెట్ వెనక ఉప్పు అని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అది కూడా 100 గ్రాములకు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 450 మిల్లీగ్రాములుంటే, 300 గ్రాముల ప్యాకెట్లో సోడియం 1350, అంటే ఉప్పు దాదాపు 3.4 గ్రాములు. అక్క ఒక్క పూటలో రోజు కోటాలో మూడింట రెండొంతులు తినేసినట్టు. ప్యాకెట్లో సగం తీసుకుని, ఉప్పు లేకుండా ఉడికించిన పెసరపప్పు, ఆనపకాయ కలిపితే ఇద్దరికీ కుదురుతోంది. రోజూ కాదు. నాలుగు ప్యాకెట్లు అలమరలో ఉంటాయి, అక్కకు జ్వరం వచ్చిన రోజు బావ కత్తెరతో కత్తిరించి వేడి చేసి పెట్టగలడు. ఈ "బావ చేయగలడు" అనేది కూడా ఒక లక్షణంగా నా పట్టికలో చేర్చాను.

తయారుగా దొరికే ఇడ్లీ పిండి ఇంటికి ఎప్పుడో వచ్చింది, దాని మీద చర్చ లేదు. ఇడ్లీని పొడితో పెట్టొద్దు, రాలిపోయి గొంతుకు అడ్డం పడుతుంది. సాంబారులో నానబెట్టి చిదిపి పెట్టాలి.

ఆగస్టు, మొదటి వారం

క్యారియర్ ఆంటీ దొరికింది.

మా వీధి చివర రెండో సందులో ఉంటారు, ఆఫీసు పిల్లలకు, ఇద్దరు ముగ్గురు ఒంటరి పెద్దవాళ్లకు క్యారియర్లు కడతారు. ఇంటి ముందు బోర్డు లేదు. కర్రీ పాయింట్ దగ్గర స్టీలు డబ్బా పెద్దమనిషే చెప్పాడు. వెళ్లి అక్క కూర్చుంది, నేను నిలబడ్డాను, సంగతంతా అక్కే చెప్పింది. ఆవిడ మధ్యలో ఆపి "మా అత్తగారికి కూడా పళ్లు లేవమ్మా, నాకు తెలుసు" అన్నారు. సగం పని అక్కడే అయిపోయింది.

మేం అడిగింది వేరే వంట కాదు. వేరే వంట అడిగితే రెండు వారాల్లో ఆవిడకు విసుగొస్తుంది. అందరికీ వండే కూరలోనే, ముక్క ఉడికాక, ఉప్పు కారం వేసేముందు మా డబ్బా నిండా తీసి పక్కన పెట్టాలి. అంతే. దాన్ని మేం ఇంటికి తెచ్చి, కుక్కర్లో ఇంకొక విజిల్ పెట్టి, చిన్న గంటెలో తాలింపు వేసి, బాపు వాటాలో ఉప్పు, నెయ్యి, అక్క వాటాలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం వేసుకుంటాం. తరిగే పని, ఏం వండాలనే ఆలోచన, పెద్ద గిన్నెలు తోమడం, మూడూ పోయాయి. ఇంట్లో మిగిలింది తాలింపు. అక్కకు అది మిగలడమే ముఖ్యమని నాకు అర్థమవుతోంది. తాలింపు తన చేత్తో పడితే ఆ కూర తను చేసినట్టే.

ఆవిడ దగ్గర ఒకేలాంటి స్టీలు డబ్బాలు పాతిక దాకా ఉంటాయి. మాది కలిసిపోకుండా చెవికి ఎర్ర దారం కట్టారు. పదకొండుంబావుకు నేను వెళ్లేసరికి గట్టు మీద అది విడిగా ఉంటుంది, మూత మీద చేయి పెడితే చురుక్కుమంటుంది. వారం మెనూ చీటీ మీద రాసిచ్చారు, గోకరకాయ, దొండకాయ రోజులకు అక్క చుట్టూ గీత గీసింది. ఆ రెండు రోజులు మాకు పప్పు డబ్బా ఇస్తారు. నెలకు మూడు వేలు, మధ్యాహ్నం కూర ఒకటి, రెండు పూటలకు సరిపడా. చేసేదానికి అది తక్కువని నాకనిపించింది, అక్క ఒక రూపాయి కూడా తగ్గించమని అడగలేదు. అక్క బేరం ఆడకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

పప్పు మాత్రం రాత్రికి జరిపాం. మధ్యాహ్నం పప్పన్నం తిన్న రోజు ఆ తర్వాతి మాత్ర అంతంతగానే పనిచేస్తోందని అక్క ఎప్పటి నుంచో అంటోంది. డాక్టరుకు చెబితే, ప్రొటీన్ తగ్గించకుండా ఎక్కువ భాగం రాత్రికి పెట్టి చూడమన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం, కూర, నెయ్యి, కొంచెం మజ్జిగ. రాత్రి పప్పు, గుడ్డు, గట్టి పెరుగు. పగలు నడక కాస్త మెరుగు. ఎవరి మందులు వాళ్లవి, మా చీటీ చూసి ఇంకొకరు మార్చుకోవద్దు, అడిగి చేయాలి.

ఆగస్టు, మూడో వారం

ఫ్రీజర్ నింపడం. ఐస్‌క్రీములు, ఎప్పటివో తెలియని కొబ్బరి చిప్పలు తీసేసి ఒక అర ఖాళీ చేశాం. అక్క "నిల్వ తిండి" అని ముఖం చిట్లించింది. ఆదివారం బావ ఇంట్లో ఉంటాడు కాబట్టి తరగడం ఆయన, వండటం నేను, అక్క కుర్చీలో కూర్చుని చెప్పడం.

గడ్డకట్టి మళ్లీ బాగా వచ్చినవి: కందిపప్పు, పెసరపప్పు, సాంబారు, ఇడ్లీ, గుమ్మడికాయ గుజ్జు. ఆనపకాయ నీరు కారుతుంది, బాపుకు అదే మేలు. పనికిరానివి: ఆలుగడ్డ ఇసుకలా అయిపోతుంది, పెరుగన్నం విరిగినట్టుంటుంది. ఒక్కో డబ్బాలో ఒక పూటకే పెట్టాలి. పెద్ద డబ్బాలో పెడితే ఒకసారి కరిగించాక మొత్తం వాడేయాలి. డబ్బా మీద తేదీ రాసిన కాగితం టేపు అతికించాం, బావ చేతిరాత ఎవరూ చదవలేరు కాబట్టి ఆ పని నాది. రేపటిది ఈ రాత్రే కింది అరలోకి దించాలి.

పొడి మిక్స్ ఒకటి కుదిరింది, అది రాసి పెడతాను. గ్లాసు బియ్యపు రవ్వ, అర గ్లాసు పెసరపప్పు, విడివిడిగా కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, చల్లారాక కలిపి, అర చెంచా జీలకర్ర, పావు చెంచా మిరియాల పొడి వేసి సీసాలో పోయాలి. వండేటప్పుడు ఒక గ్లాసు మిక్స్‌కు ఐదు గ్లాసుల నీళ్లు, కుక్కర్లో మూడు నాలుగు విజిళ్లు, చివర నెయ్యి, ఉప్పు. ఇరవై నిమిషాల్లో పళ్లెంలోకి వస్తుంది, అందులో నిలబడేది రెండు నిమిషాలు.

జొన్న గటక నా వల్ల కాలేదు, అక్క కూర్చున్న చోటి నుంచే నడిపించింది. జొన్న రవ్వ రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో ఉడికించి, మజ్జిగ కలిపి జారుగా చేయడం. బాపు రెండో గిన్నె అడిగాడు. కాజీపేట క్వార్టర్లలో అమ్మ చేసేదానికంటే పలచగా ఉందని కూడా చెప్పాడు. అక్క సుగరుకు తైదంబలి, అంటే రాగి జావ, మంచిదని అందరూ పెద్ద గ్లాసు తాగమంటారు. పలచగా కాచిన జావ ఏ పిండితో చేసినా సుగరును తొందరగానే పెంచుతుంది, గ్లూకోమీటరులో చూశాం. ఇప్పుడు చిన్న గ్లాసు, కూరగాయలతో పాటు.

హాట్ ప్యాక్ గురించి ఒక మాట. బాపు పళ్లెం ఒకేసారి నింపడం మానేశాం. సగం పళ్లెంలో, సగం హాట్ ప్యాక్‌లో. మొదటి సగం అయ్యాక రెండోది పొగలతో వస్తుంది. వంటగది థర్మామీటరు పెట్టి చూస్తే, మూత అస్తమానం తీయకపోతే గంటసేపు 60 డిగ్రీల పైనే ఉంటోంది. ఖాళీ హాట్ ప్యాక్‌లో ముందు మరిగే నీళ్లు పోసి పారబోయాలి, ఆ ఒక్క పనికే చాలా తేడా.

సెప్టెంబరు, మొదటి వారం

బరువు తూచాం. బాపు తగ్గలేదు, అర కిలో పెరిగాడు. చొక్కా జేబులో సెల్‌ఫోన్ ఉందని బావ అంటాడు, అయినా లెక్కలో రాశాను. అక్క పరగడుపు సుగరు కొంచెం దిగింది. బీపీ అక్కడే ఉంది.

పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి రెండు రోజులున్నారు. మధ్యాహ్నం నేను ఎర్ర దారం డబ్బా పట్టుకుని లోపలికి రావడం చూసి "బయటి కూరా?" అన్నారు. అక్క ముఖం నేను చూస్తున్నాను. అక్క ఏమీ అనలేదు, తాలింపు గంటె పొయ్యి మీద పెట్టింది. బాపే అన్నాడు: "నలభై ఏళ్లు బల్లార్షాల తిన్న, గప్పుడు ఏమన్న అన్నవా వదినా?" పెద్దమ్మ నవ్వేసి రెండో వాయి వడ్డించుకున్నారు. వెళ్లేటప్పుడు క్యారియర్ ఆంటీ ఊళ్లో ఎవరైనా ఉంటారా అని అడిగారు. వాళ్లాయనకు కూడా పళ్లు లేవు.

మూడో లక్ష్యం సగమే అయింది. అక్క కూర్చునే తింటోంది, కానీ బాపు పక్కనే, ఒక కన్ను ఆయన ముద్ద మీద పెట్టి. రాత్రి పూట నేను, బావ వంతులు వేసుకుని బాపు దగ్గర కూర్చుంటున్నాం, అప్పుడు ఆమె టీవీ ముందు తింటుంది. మధ్యాహ్నం నేను వెళ్లిపోయాక ఎలా అనేది ఇంకా తేలలేదు. క్యారియర్ ఆంటీ వాళ్ల అబ్బాయి కాలేజీకి పోతూ డబ్బా ఇచ్చి పోతానన్నాడు. తినేటప్పుడు పక్కన ఉండటానికి మాత్రం మనిషి కావాలి. గంటన్నర కోసం పక్కింటి పనమ్మాయిని అడుగుతున్నాం, వంట చేయాల్సిన పని లేదంటే ఒప్పుకునేటట్టు ఉంది.

సెప్టెంబరు, మూడో వారం

బతుకమ్మకు క్యారియర్ ఆంటీ తొమ్మిది రోజులూ పుట్టింట్లోనే ఉంటారట. అదే వారంలో అక్క కరీంనగర్‌లో కూతురింటికి వెళ్తానంది. రెండేళ్లుగా ఇల్లు కదలలేదు. వెళ్లాక నాలుగు రోజులైనా ఉండమని మేనకోడలు గట్టిగా చెప్పింది.

కాబట్టి ఫ్రీజర్ నిండాలి. పప్పు ఎనిమిది డబ్బాలు, సాంబారు ఆరు, గుమ్మడి గుజ్జు నాలుగు, ఇడ్లీలు సంచుల్లో. పొడి మిక్స్ రెండు సీసాలు. నాలుగు ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. కరెంటు పోతే తలుపు తీయొద్దని ఫ్రిజ్ మీద చీటీ అంటించాను. ఏ రోజు ఏ డబ్బా దించాలో, పన్నెండుకు మాత్ర, పన్నెండున్నరకు పళ్లెం, చారు పోస్తే ఎంతసేపు ఆగాలో ఒక కాగితం మీద రాసి బావకు ఇచ్చాను. ఆయన చదివి "ఇది రైల్వే వాళ్ల వర్కింగ్ టైం టేబుల్ లాగుంది" అని బాపుకు చూపించాడు. బాపు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, రాత్రి పూట గుడ్డు రాయడం మరిచానని చెప్పి, పెన్ను అడిగి తనే రాశాడు. అక్షరాలు చిన్నగా, వంకరగా ఉన్నాయి, కానీ చదవొచ్చు.

అక్క జేబీఎస్ బస్టాండు నుంచి శనివారం పొద్దున బస్సుకు టికెట్ తీసుకుంది. ఆదివారం బావ గుమ్మడికాయ తరుగుతాడు, నేను కందిపప్పు పొయ్యి మీద పెడతాను. ఇడ్లీ పిండి రెండు ప్యాకెట్లు ఎక్కువ తేవాలి.